దండీలు తీయుట

ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టమున జన్మించి, కలియుగభీముడని పేరొందిన కోడి రామమూర్తినాయుడుగారు 1942వ సంవత్సరమున స్వర్గస్థులైరి. ఆయన రొమ్ముపై ఏనుగును మోసెడివారు. ఒడలికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచెడివారు. ఆ ప్రదర్శనములు గతించినను ఆ కథలు మాత్రము ఇంకను చెప్పుకొనుచునే యున్నారు. అవి విన్న పిల్లలలో కొందరు ఆనాటి సాయంకాలమే తలుపు మూసికొని దండీలు తీయ నారంభింతురు. వారిలో పెక్కుమంది వారము తిరుగకుండనే మానివేయుదురు. బలము పుట్టుకతో రావలసినదే గాని, తమ వంటివారికి అబ్బదని తలంతురు.

నేనును అట్టివారిలో ఒకడను. ఎనిమిదవ తరగతి చదువునాటికి నా చేతులు వెదురుపుల్లలవలె నుండెడివి. ఒకనాడు పంతము పట్టి, నడుము జారుచున్నను, మోచేతులు సగమే వంగుచున్నను లెక్కచేయక నలుబది దండీలు తీసితిని. ఆ రాత్రి గర్వముతో నిద్రపట్టలేదు. మరునాడు తల దువ్వుకొనుటకు చేయి లేవలేదు. చొక్కా తొడుగుటకు మా అమ్మ సాయపడవలసివచ్చెను. అటుపై ఒక ఏడాది నేను దండీల పేరెత్తలేదు. తుదకు మా వీథిలోని తాలింఖానా పెద్ద యొకరు నా గోడు విని నవ్వి, “నేలమీద ఎందుకురా అబ్బాయీ? ముందు అరుగుమీద చేతులు పెట్టి తియ్యి” అనిరి.

ఆ మాటలో ఎంత శాస్త్రమున్నదో చాలకాలమునకు గాని నాకు తెలియలేదు. దండీ తీయునపుడు మనము ఎత్తు బరువు మన శరీరమే. కాని దాని నంతయు చేతులే మోయవు. కొంత పాదములు మోయును. అరచేతులును కాలివ్రేళ్లును నేల కానించి, ఒడలిని కఱ్ఱవలె తిన్నగా నుంచినపుడు, శరీరపు బరువులో నూటికి సుమారు 64 పాళ్లు చేతులపై పడునని కొలిచి తెలిసికొనిరి. అనగా 40 కిలోగ్రాముల బాలుడు ఇంచుమించు 26 కిలోగ్రాములు ఎత్తుచున్నాడు. ఒక చిన్న బియ్యపుబస్తా అంత! ఏనాడును బరువు మోయని చేతులకు తొలిదినముననే అది తగునా? చేతులను అడుగు ఎత్తున నానించినచో 55 పాళ్లును, రెండడుగుల ఎత్తున నానించినచో 41 పాళ్లును మాత్రమే పడును. ఆ బాలునికే ఇప్పుడు బరువు 16 కిలోగ్రాములకు తగ్గినది. నిలువుగా నుండి గోడను నెట్టినచో ఇంకను తక్కువ. చేతులు పైకి పోయినకొలది బరువు పాదములవైపునకు జరుగుటయే ఇందులకు కారణము.

కావున క్రొత్తవారు గోడతో మొదలిడవలెను. గోడకు రెండడుగుల దూరమున నిలిచి, అరచేతులు రొమ్ము ఎత్తున ఆనించి, మోచేతులు వంచి ముఖమును గోడ దగ్గరకు తెచ్చి మరల నెట్టవలెను. అది పదిహేనుమార్లు సులభముగా చేయగలిగినపుడు అరుగునకు దిగవచ్చును. అరుగులు లేని నేటి ఇండ్లలో గోడకు చేర్చిన గట్టి బల్ల చాలును. జారు బల్ల మాత్రము పనికిరాదు. తరువాత మెట్లు, అటుపై నేల. దిగునపుడు గాలి పీల్చి, లేచునపుడు విడువవలెను. మోచేతులు రెక్కలవలె ప్రక్కలకు పోరాదు. నడుము ఉయ్యెలవలె వ్రేలాడుచున్నదనిన ఆ ఎత్తు మీకింకను తగలేదన్నమాట. ఒక మారునకు ఎనిమిదో పదియో తీసి, రెండు నిమిషములాగి, మరల తీసి, ఇట్లు మూడు విడతలు చాలును. ఇంకొక రెండు తీయగల ఓపిక యున్నపుడే ఆపుట మేలు. నా నలుబదిలో సరియైనవి నాలుగైనను ఉన్నవో లేవో!

దినము విడిచి దినము చేయుడు. కండరము పనిచేయునపుడు కొంత నలిగి, విశ్రాంతివేళ బాగుపడి, మునుపటికంటె గట్టిపడును. ఆ నడిమి దినమును తినివేసినవాడు పెరుగుదలనే తినివేసినట్లు. మొదటి కొన్ని వారములలో చేయి లావెక్కకపోయినను బలము పెరుగుటకు మరియొక కారణము కలదు. మనకున్న కండరపుపోగులను అన్నింటిని ఒక్కసారిగా పనిలోనికి పిలుచుట మెదడునకును నరములకును తొలుత చేతకాదు. అభ్యాసమున అది అలవడును. కండలు కంటికి కనబడుట ఆ తరువాతి మాట. అద్దము చూచుకొని నిరాశపడువారు దీనిని ఎరుగరు. చేసిన మరునాడు కండరములు సలుపుట సహజమే. కాని కీలులో పోటు పుట్టినచో వెంటనే మానవలెను.

దండీలు రొమ్మును, భుజములను, దండచేతుల వెనుకభాగమును బలపరచును. వీపునకు లాగెడు పని కావలెను. పూర్వము నూతిలో చేదవేసి నీరు తోడువారికి అది దినదినము దొరకెడిది. ఇప్పుడు కొళాయి త్రిప్పువారు వేరొక ఉపాయము వెదకవలెను. ఎడమచేతిని మంచముపై నానించి, వెన్ను తిన్నగా నుంచి ముందుకు వంగి, కుడిచేత నీళ్లబకెట్టును ప్రక్కటెముకలదాక లాగి మెల్లగా దింపవలెను. లీటరు నీరు ఒక కిలోగ్రాము తూగును గనుక బకెట్టే తూనికరాయి. నాలుగు లీటర్లతో మొదలిడి, వారమున కొక అరలీటరు పెంచవచ్చును. చేయి కుదిపినచో నేల తడియును; అంతకంటె మంచి ఉపాధ్యాయుడు లేడు.

ఇదంతయు మగపిల్లల వ్యవహారమని కొందరందురు. 5 మొదలు 17 ఏండ్ల వయస్సువారు వారమునకు కనీసము మూడు దినములు కండరములను, ఎముకలను బలపరచు పనులు చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020వ సంవత్సరమున చెప్పినది. అందు ఆడ మగ భేదము చూపలేదు. ఆహారమునకు వేరే పొడులు కొననక్కరలేదు. కండరములకు వలయు మాంసకృత్తులు పప్పు, పాలు, గ్రుడ్లు, వేరుసెనగలు మున్నగువానిలో కలవు.

నేను అరుగునుండి మెట్లకు, మెట్లనుండి నేలకు దిగుటకు పదునొకండు వారములు పట్టెను. ఆనాడు తాలింఖానా పెద్దను పిలుచుకొనివచ్చి, ఆయన యెదుట నేలపై ఆరు దండీలు తీసితిని. ఆయన మెచ్చుకొనలేదు. ఆరవదానిలో నడుము జారినదనియు, అది లెక్కకు రాదనియు చెప్పి వెడలిపోయిరి.