కాగితానికే పరిహారం!

తాత పేరున పట్టా ఉంటే ఆ పేరుకే చెక్కు రాస్తారు. మరి ఆ పొలం మీదే బతుకుతున్న కొడుకుల సంగతేంటి? కౌలుకు చేసుకునేవాడి గతేంటి? గట్టు మీది చెట్టు కింద ఇప్పపూలు ఏరుకునే ఆడమనిషికి ఏమొస్తుంది? గనులూ కర్మాగారాలూ ఒకదాని వెంట ఒకటి వచ్చిన పినపాక, మణుగూరు ప్రాంతంలో ఈ ప్రశ్నలు కొత్తవి కావు. జవాబులే ఇంకా అందరికీ అందలేదు.

మణుగూరు నుంచి ఏటూరునాగారం రోడ్డెక్కితే ఓ పక్క గోదావరి, మరో పక్క అడవి. మధ్యలో వరి, పత్తి, మిరప చేలు. ఆ చేల మీదుగా చూస్తే ఆకాశంలోకి లేచిన పొగగొట్టాలు. అదే భద్రాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. ఒక్కోటి 270 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లు, మొత్తం 1080 మెగావాట్లు. బొగ్గు పక్కనే ఉన్న సింగరేణి గనుల నుంచి, నీళ్లు గోదావరి నుంచి. ఇక కావలసింది భూమి. మణుగూరు మండలంలోని రామానుజవరం, పినపాక మండలంలోని ఉప్పాక, సీతారాంపురం పరిసరాల్లో వెయ్యికి పైగా ఎకరాలు అందుకోసం పోయాయి.

2015 మార్చిలో శంకుస్థాపన జరిగింది. పర్యావరణ అనుమతి రాకముందే పనులు మొదలుపెట్టారంటూ అదే ఏడాది జాతీయ హరిత ట్రైబ్యునల్ వాటిని ఆపమంది. 2017లో అనుమతి వచ్చింది. 2020లో మొదటి యూనిట్, 2022 జనవరిలో చివరి యూనిట్ ఉత్పత్తిలోకి వచ్చాయి. ఇదంతా విద్యుత్ కేంద్రం క్యాలెండర్.

ఊరి క్యాలెండర్ వేరు. ఎండలు ముదిరేలోగా ఇప్పపూలు రాలతాయి. ఆ తర్వాత తునికాకు. తొలకరికి ముందు కోయగూడేల్లో భూమి పండుగ. ఆపైన దుక్కి, విత్తనం. భూసేకరణ నోటీసు వచ్చిన ఊళ్లో మొదట తెగిపోయేది ఈ వరస. చెక్కు ఎప్పుడొస్తుందో తెలియదు. విత్తాలో వద్దో తెలియదు. అప్పిచ్చే షావుకారు వెనకాడతాడు. పిల్లకు సంబంధం చూసేవాళ్లు 'పొలం ఉంటుందా, పోతుందా' అని అడుగుతారు. భూమి చేయి దాటకముందే బతుకు ఆగిపోతుంది.

ఒకదాని వెంట ఒకటి

పినపాక 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లాలో ఉండేది. ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఇది రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ కిందికొచ్చే ఏజెన్సీ ప్రాంతం, శాసనసభ స్థానం కూడా గిరిజనులకే రిజర్వు. ఇక్కడి కోయ కుటుంబాలకు భూసేకరణ అనే మాట థర్మల్ కేంద్రంతో మొదలు కాలేదు.

1970ల నుంచి మణుగూరు చుట్టూ సింగరేణి గనులు విస్తరించాయి. భూగర్భ గని అయితే పైన పొలం కొంతయినా మిగులుతుంది. ఓపెన్ కాస్ట్ గనికి ఆ వీలుండదు. పొలం, చెరువు, దారి, చెట్టు... పైనున్నదంతా తీసేస్తేనే కింద బొగ్గు కనిపిస్తుంది. 1991లో అశ్వాపురం దగ్గర భారజల కర్మాగారం వచ్చింది. అణు రియాక్టర్లకు కావలసిన భారజలం తయారీలో దేశానికి అది పెద్ద దన్ను. తర్వాత థర్మల్ కేంద్రం. గోదావరి దిగువన పోలవరం ముంపు కింద సుమారు లక్షా ఆరువేల కుటుంబాలు నిర్వాసిత జాబితాకెక్కాయి. ఆ ముంపు కోసమే 2014లో ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి.

వీటివల్ల మేలు జరగలేదా అంటే జరిగింది. మణుగూరు పట్నమైంది. బడులు, ఆసుపత్రులు వచ్చాయి. వేలమందికి జీతాలొచ్చాయి. తెలుగునాట ఏ ఇంట్లో దీపం వెలిగినా అందులో ఈ నేల బొగ్గు పాలు కొంత ఉంటుంది. పేచీ అంతా ఖర్చు ఎవరి ఖాతాలో పడిందన్న దగ్గరే. దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతమని 2011 జనగణన చెప్పింది. అభివృద్ధి ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులైనవారిలో మాత్రం వాళ్లు 40 శాతం దాకా ఉంటారని పరిశోధకుల అంచనా.

ఎవరి పేరున రాస్తారు?

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తాత పేరున ఆరెకరాల పట్టా. తాత పోయి ఇరవై ఏళ్లయింది. ముగ్గురు కొడుకులు నోటి మాటగా పంచుకుని తలా రెండెకరాలు దున్నుకుంటున్నారు. మొగుడు పోయి పుట్టింటికి చేరిన ఆడబిడ్డ వాళ్ల చేలల్లోనే కూలికి పోతుంది. పెద్దకొడుకు తన రెండెకరాలను పక్కింటాయనకు కౌలుకిచ్చి గనిలో కాంట్రాక్టు పనికి వెళుతున్నాడు. పొలానికి ఆనుకుని పోడు చేసిన ఎకరం ఉంది. దానికి పట్టా లేదు.

ఆ ఆరెకరాల మీద ఐదిళ్ల పొయ్యి వెలుగుతోంది. రికార్డులో కనిపించేది ఒక్క పేరు, అదీ చనిపోయిన మనిషిది. అధికారి వచ్చి పహాణీ చూస్తాడు. అందులో ఏముందో అదే రాసుకుంటాడు. వారసత్వ ధ్రువపత్రం తెమ్మంటాడు. అది వచ్చేలోపు అన్నదమ్ముల మధ్య తగాదా వస్తుంది. నిన్నటి దాకా ఒకే గట్టు మీద కూర్చుని గంజి తాగినవాళ్లు ఆర్డీవో ఆఫీసు వరండాలో చెరో మూల నిలబడతారు. కౌలుదారు పేరు ఎక్కడా రాదు. ఆడబిడ్డ ఊసే ఉండదు. పోడు ఎకరాన్ని 'ప్రభుత్వ భూమి' అని రాసేస్తే అడిగే నాథుడుండడు.

నిజానికి 2013లో పార్లమెంటు చేసి, 2014 జనవరి 1 నుంచి అమల్లోకి తెచ్చిన భూసేకరణ చట్టం ఇలా చెప్పలేదు. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి 1894 చట్టం భూయజమానినే చూసేది. కొత్త చట్టం 'ప్రభావిత కుటుంబం' అన్న మాట తెచ్చింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడ్డ కూలీలు, కౌలుదారులు అందులోకి వస్తారు. అటవీ ఉత్పత్తులు ఏరుకునేవారు, చేపలు పట్టేవారు, పడవ నడిపేవారు కూడా వస్తారు. మేజరైన కొడుకైనా కూతురైనా పెళ్లితో పనిలేకుండా వేరే కుటుంబమే. వితంతువులు, విడాకులు పొందినవారు, భర్త వదిలేసినవారు కూడా వేరే కుటుంబాలే. అటవీ హక్కుల చట్టం కింద హక్కు పొందిన వ్యక్తిని ఏకంగా భూయజమానిగానే చూడాలంది.

అంటే మనం అనుకున్న ఇంట్లోని ఆడబిడ్డకు చట్టంలో చోటుంది. సర్వే పుస్తకంలోకి ఆమె పేరు ఎక్కాలి, అంతే. ఎక్కించాల్సినవాడు ఆ పూట ఆమె గడప తొక్కకపోతే చట్టం ఎంత మంచిదైనా ఆమెకు అందదు.

అమ్మరాని భూమికి ధరెంత?

ఇక ధర సంగతి. ఏజెన్సీలో అందరి నోటా వినిపించేది 'ఒకటి బై డెబ్భై'. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ అది. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనుడి చేతికి తప్ప వేరొకరి చేతికి పోకూడదు. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మడం కూడా కుదరదు. గిరిజనుల భూమిని కాపాడిన కంచె ఇది. తెల్లకాగితాల మీద కొనుక్కుని తరాలుగా సాగు చేస్తున్న గిరిజనేతర రైతులకు మాత్రం, ప్రాజెక్టు వచ్చినప్పుడు చేతిలో చూపడానికి ఏమీ ఉండదు.

పరిహారం లెక్క కట్టేటప్పుడు ఈ కంచే గిరిజనుడికి అడ్డం తిరుగుతుంది. పరిహారానికి మూలం మార్కెట్ విలువ. అది తేలేది చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్ల నుంచి. క్రయవిక్రయాలే అరుదైన చోట రిజిస్ట్రేషన్లు ఎక్కడివి? ఉన్నా ఆ ధరలు ఏ కాలం నాటివో! అమ్మకూడదని చట్టం కట్టేసిన భూమిని, ఎవరూ కొనడం లేదు కాబట్టి చవకదని లెక్కగడితే దాన్ని న్యాయం అనగలమా?

చట్టం చేసినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. అందుకే 2013 చట్టం 26వ సెక్షన్‌లో ఒక మాట రాశారు. వేరే చట్టం వల్ల క్రయవిక్రయాల మీద ఆంక్షలున్న చోట, ఆనుకుని ఉన్న ప్రాంతాల్లోని అలాంటి భూముల ధర ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వం కనీస ధర నిర్ణయించాలి. ఆపైన గ్రామీణ ప్రాంతాలకు వర్తించే గుణకం, దానిమీద నూరు శాతం సొలేషియం కలపాలి. ఈ మాట తెలిసిన రైతు బేరమాడగలడు. తెలియని రైతు ఇచ్చింది పుచ్చుకుంటాడు.

డబ్బు ఉంటుంది... ఎన్నాళ్లు?

చెక్కు వచ్చిన రోజు ఊళ్లో పండగలాగే ఉంటుంది. పాత అప్పు తీరుతుంది. ఇంటికో మోటారు సైకిల్ వస్తుంది. ఆ తర్వాత భూమి కొందామని బయల్దేరితే అసలు సంగతి తెలుస్తుంది. ప్రాజెక్టు వస్తుందంటే చాలు, చుట్టుపక్కల రేట్లు చుక్కలనంటుతాయి. దూరంగా మైదానానికి పోతే అది ఏజెన్సీ కాదు. అక్కడ 'ఒకటి బై డెబ్భై' రక్షణ ఉండదు. కోయభాష వినిపించదు. కొన్న భూమి మళ్లీ చేజారితే ఆపేవాళ్లుండరు.

ఇక మిగిలింది ఉద్యోగం. భూమి పోయిన కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, లేదంటే కుటుంబానికి 5 లక్షల రూపాయలు, అదీ కాదంటే ఇరవై ఏళ్లపాటు నెలకు కనీసం 2000 రూపాయలు. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకునే వీలు చట్టం కల్పించింది. భద్రాద్రి థర్మల్ కేంద్రం నిర్వాసితుల ఆందోళనలు ఎక్కువగా ఈ ఉద్యోగాల చుట్టూనే తిరిగాయి. ఆశ్చర్యం లేదు. పొలం ఏటా పంటనిస్తుంది. ఉద్యోగం నెలనెలా జీతమిస్తుంది. ఒక్కసారి చేతికొచ్చే డబ్బుకు ఆ గుణం లేదు.

ఏ లెక్కలోనూ రానివి ఇంకా ఉన్నాయి. ముత్యాలమ్మ చెట్టు, ఇలవేల్పుల చోటు, పెద్దల సమాధులు. కొత్త కాలనీలో ప్రతి 50 కుటుంబాలకూ ఒక ప్రార్థనా స్థలం, ఒక రచ్చబండ ఉండాలని, శ్మశానం చూపాలని చట్టం మూడో షెడ్యూల్ చెబుతోంది. రచ్చబండ కట్టొచ్చు. దాని మీద కూర్చునేవాళ్లు ఒకే ఊరివాళ్లయితేనే అది రచ్చబండ అవుతుంది. తలోచోటికీ చెదిరిపోతే ఉట్టి గచ్చే! అందుకే నిర్వాసితులను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, ఒకేచోట ఉంచమని చట్టం చెప్పింది.

కోర్టు ఏమంది?

ఆస్తి హక్కు ఒకప్పుడు ప్రాథమిక హక్కు. 1978లో 44వ రాజ్యాంగ సవరణతో అది 300-ఏ అధికరణం కిందికి మారింది. హోదా తగ్గినా హక్కు పోలేదు. హిమాచల్ ప్రదేశ్‌లో చదువురాని ఓ మహిళ భూమిని 1967లో రోడ్డు కోసం తీసుకున్నారు. నోటీసూ లేదు, పైసా లేదు. ఎనభై ఏళ్ల వయసులో ఆమె సుప్రీంకోర్టు దాకా వచ్చింది. చట్టపరమైన ప్రక్రియ లేకుండా ఆస్తి లాక్కోవడం మానవహక్కుల ఉల్లంఘనేనంటూ, ఆమెకు పరిహారం చెల్లించాలని 2020 జనవరిలో కోర్టు తీర్పిచ్చింది. అర్ధశతాబ్దం పట్టింది!

2024 మేలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు మరింత వివరంగా చెప్పింది. ఆస్తి తీసుకోవాలంటే పరిహారం ఒక్కటే ఇస్తే చాలదు. ముందు నోటీసివ్వాలి. చెప్పేది వినాలి. కారణాలతో నిర్ణయం చెప్పాలి. ప్రజా ప్రయోజనం ఉండాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. ప్రక్రియను సమర్థంగా నడపాలి. దాన్ని చివరిదాకా పూర్తిచేయాలి. ఈ ఏడూ పౌరుడి హక్కులేనంది.

నోటీసు వస్తే...

* ఏజెన్సీలో భూసేకరణ చివరి మార్గం మాత్రమే కావాలి. గ్రామసభ ముందస్తు సమ్మతి తప్పనిసరి (41వ సెక్షన్). గ్రామసభ రోజున పనులున్నా మానుకుని వెళ్లాలి.

* ప్రాథమిక నోటిఫికేషన్ వెలువడిన 60 రోజుల్లోగా అభ్యంతరాలను రాతపూర్వకంగా కలెక్టరుకు ఇవ్వాలి. రసీదు తీసుకోవాలి.

* పట్టా పెద్దల పేరున ఉంటే వారసుల పేర్లు ఇప్పుడే ఎక్కించుకోవడం మేలు. నోటీసు వచ్చాక పరుగెత్తితే ఆలస్యమవుతుంది.

* కుటుంబాల సర్వేలో కౌలుదారు, కూలీ, వితంతువు, మేజరైన పిల్లలు అందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోవాలి.

* ధర నచ్చకపోతే డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాసి సంతకం చేయాలి. అలా రాయకపోతే ఎక్కువ పరిహారం అడిగే హక్కు పోతుంది. అవార్డు ప్రకటించినప్పుడు అక్కడే ఉన్నవారు ఆరు వారాల్లోగా దరఖాస్తు చేసుకోవాలి.

* తెలంగాణలో 2016లో శాసనసభ ఆమోదించిన సవరణ కొన్ని ప్రాజెక్టులను సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయించే వీలు కల్పించింది. కాబట్టి మన ఊరికి వచ్చిన నోటీసు ఏ సెక్షన్ కిందిదో మొదటే అడిగి తెలుసుకోవాలి.

సాయంత్రం పూట ఆ రోడ్డు మీద నిలబడితే విద్యుత్ కేంద్రం దీపాలు గోదావరి అవతలి గట్టుకూ కనిపిస్తాయి. ఆ కరెంటు మనందరి ఇళ్లకూ వస్తుంది, నెలనెలా బిల్లు కడతాం. ఆ బిల్లులో భూమి పోయిన కుటుంబం వాటా కనిపించదు. వాళ్లడిగేది దయ కాదు. తమ పేర్లన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కించమంటున్నారు, ఒక్కటీ వదలకుండా.