బాణీ మార్చిన బృందం, జ్ఞాపకం దాచుకున్న శ్రోతలు

ఒక రాక్ బృందం తనకు పేరు తెచ్చిన ధ్వనిని తానే వదులుకోవడం అరుదు. అలా వదులుకున్నాక కూడా పాత శ్రోతలు వెంట రావడం ఇంకా అరుదు. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌కు చెందిన రేడియోహెడ్ బృందం విషయంలో ఈ రెండూ జరిగాయి. 1992లో ఎలక్ట్రిక్ గిటార్ల హోరుతో లోకానికి పరిచయమైన ఈ ఐదుగురు కళాకారులు 2000 నాటికి ఆ గిటార్లను చాలావరకు పక్కన పెట్టి యంత్రధ్వనుల వైపు మళ్లారు. 2007లో లయ ప్రధానమైన మెత్తని పాటలతో దూరమైనవారిలో కొందరిని తిరిగి దగ్గర చేసుకున్నారు. 2016లో వయొలిన్లు, బృందగానం నిండిన విషాదభరితమైన సంపుటిని వెలువరించారు. ప్రతి మలుపులోనూ అభిమానుల్లో కొందరు నొచ్చుకున్నారు, కొందరు వాదించారు, చాలామంది కొంతకాలం ఆగి మళ్లీ విన్నారు. ఈ బృందం మిగిల్చిన వారసత్వం ఏమిటన్న ప్రశ్నకు అభిమానులు ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చిన జవాబులను గమనిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది: రేడియోహెడ్ తన పాటలను ఎప్పటికప్పుడు మార్చుకుంటూ పోయింది, ఆ మార్పులన్నిటినీ గుర్తుపెట్టుకుని పోల్చి చూసే పని శ్రోతలు చేశారు, ఈ రెండూ కలిసినందువల్లనే ఆ సంగీతానికి ఇంత దీర్ఘాయువు దక్కింది.

గిటార్ల కాలం

ఈ బృందం 1985లో ఆబింగ్డన్ పట్టణంలోని ఒక పాఠశాలలో రూపుదిద్దుకుంది. గాయకుడు థామ్ యార్క్, గిటారిస్టు ఎడ్ ఓబ్రయన్, మంద్రస్థాయి స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించే కొలిన్ గ్రీన్‌వుడ్, డ్రమ్స్ వాయించే ఫిలిప్ సెల్వే, వీరందరికన్నా చిన్నవాడూ కొలిన్‌కు తమ్ముడూ అయిన జానీ గ్రీన్‌వుడ్ ఇందులో సభ్యులు. శుక్రవారాల్లో సాధన చేసేవారు కనుక మొదట తమ బృందానికి 'ఆన్ ఎ ఫ్రైడే' అని పేరు పెట్టుకున్నారు, 1991లో ఇ.ఎం.ఐ. సంస్థతో ఒప్పందం కుదిరాక, అమెరికన్ బృందం టాకింగ్ హెడ్స్ పాడిన ఒక పాట పేరు నుంచి 'రేడియోహెడ్' అన్న పేరు తీసుకున్నారు. నాటి నుంచి నేటి వరకు ఆ ఐదుగురిలో ఒక్కరూ బృందాన్ని వీడిపోలేదు. ధ్వని ఇంతగా మారిన బృందంలో మనుషులు మాత్రం మారకపోవడం అభిమానులు తరచు గుర్తుచేసుకునే విశేషం.

వారి తొలి విజయం 'క్రీప్'. తనను తాను తక్కువ చేసుకునే ఒక యువకుడి వేదనను చెప్పే ఈ పాట నెమ్మదిగా సాగుతూ ఉండగా, పల్లవి అందుకోబోయే ముందు జానీ గ్రీన్‌వుడ్ గిటార్ తీగలను రెండు మూడు సార్లు కర్కశంగా కొడతాడు. పాటంతటికీ గుర్తుగా నిలిచిపోయినవి ఆ దెబ్బలే. 1992లో విడుదలైనప్పుడు బ్రిటన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ పాట, ఇతర దేశాల్లో ఆదరణ పొందాక 1993లో మళ్లీ విడుదలై బ్రిటన్‌లోని మొదటి పది పాటల్లో చోటు సంపాదించింది. అయితే ఆ విజయమే బృందానికి బరువైంది. కచేరీకి వచ్చినవారు ఆ ఒక్క పాట కోసమే ఎదురుచూడడం, అది అయిపోగానే ఆసక్తి తగ్గించుకోవడం చూసిన కళాకారులు క్రమంగా దానికి దూరమయ్యారు. తర్వాతి కాలంలో ఎన్నో ఏళ్లపాటు దాన్ని వేదిక మీద పాడడం చాలా అరుదైపోయింది.

1995లో వచ్చిన రెండవ సంపుటి 'ది బెండ్స్' వారిది ఒక్క పాట బృందం కాదని రుజువు చేసింది. 1997లో వచ్చిన 'ఓకే కంప్యూటర్' వారిని ఆ దశాబ్దపు అగ్రశ్రేణి బృందాల్లో నిలబెట్టింది. వేగం, ప్రయాణం, యంత్రాలు, వినిమయ సంస్కృతి మనిషిని ఒంటరిని చేస్తున్నాయన్న భయం ఈ సంపుటిలోని పాటల్లో వినిపిస్తుంది. చాలా భాగం బాత్ నగరం దగ్గరి ఒక పాతకాలపు భవంతిలో రికార్డయింది. 'ఎగ్జిట్ మ్యూజిక్' అనే పాటలో యార్క్ గొంతు చుట్టూ వినిపించే గుహలాంటి ప్రతిధ్వని ఏ పరికరంతోనూ పుట్టించినది కాదు, ఆ భవంతిలోని రాతి మెట్ల దారిలో నిలబడి పాడినందువల్ల సహజంగా వచ్చినది. ఈ సంపుటి ప్రభావంతో బ్రిటన్‌లో కొత్త బృందాలు ఎన్నో అదే తరహా ఆర్ద్రమైన హెచ్చుగొంతును, అదే గిటార్ల విస్తృతిని అందుకున్నాయి. సరిగ్గా ఆ సమయంలోనే రేడియోహెడ్ ఆ దారి నుంచి తప్పుకుంది.

గిటార్ పక్కకు జరిగిన రోజులు

'ఓకే కంప్యూటర్' తర్వాతి సుదీర్ఘ పర్యటన యార్క్‌ను మానసికంగా అలసిపోయేట్టు చేసింది. గిటార్ పట్టుకుంటే కొత్త పాట పుట్టని స్థితిలో అతను పియానో వైపు, ఎలక్ట్రానిక్ సంగీతం వైపు తిరిగాడు. 1999లో మొదలైన సాధనలో తమ చేతిలో అలవాటైన వాద్యానికి పని లేకపోవచ్చన్న సంగతిని మిగతా సభ్యులు అంగీకరించవలసి వచ్చింది. ఆ అయోమయాన్ని ఎడ్ ఓబ్రయన్ తన దినచర్య రాతల్లో అప్పటికప్పుడే శ్రోతలతో పంచుకున్నాడు. 2000 అక్టోబరులో 'కిడ్ ఎ' పేరుతో వెలువడిన సంపుటి ఈ సంఘర్షణ ఫలితం. దానికి ముందుగా ఒక్క పాటనూ విడిగా విడుదల చేయలేదు, అలవాటైన ప్రచార వీడియోలు తీయలేదు. అయినా అది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది.

ఈ సంపుటి ఎలా తయారైందో రెండు ఉదాహరణలు చెబుతాయి. మొదటిది ఆండ్ మార్తెనో అనే వాద్యం. ఫ్రెంచి ఆవిష్కర్త మోరిస్ మార్తెనో 1928లో ప్రదర్శించిన ఈ విద్యుత్ వాద్యంలో మెట్ల ముందు ఒక తీగ ఉంటుంది. ఆ తీగకు కట్టిన ఉంగరాన్ని వేలికి తొడిగి అటూ ఇటూ జరిపితే స్వరం తెగకుండా ఒకదాని నుంచి మరొకదానికి జారుతుంది. గమకాలు వినడానికి అలవాటుపడిన చెవికి ఈ జారుడులోని ఆకర్షణ సులభంగానే అర్థమవుతుంది. ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెసియాన్ రచనల ద్వారా చిన్నప్పుడే ఈ వాద్యంపై మక్కువ పెంచుకున్న జానీ గ్రీన్‌వుడ్ దాన్ని రాక్ శ్రోతల దగ్గరకు తెచ్చాడు. రెండవది 'ఇడియోటెక్' అనే పాట. జానీ యంత్రాలతో సుమారు 50 నిమిషాలపాటు ధ్వనులు పుట్టించి యార్క్‌కు ఇవ్వగా, అతను అందులో నిమిషం కూడా లేని ఒక ముక్కను ఏరుకుని పాట కట్టాడు. ఆ ముక్కలో అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటరుతో సృష్టించిన రచనలోని నాలుగు స్వరసమూహాలు ఉన్నాయి. పాత రికార్డింగులోని కొంత భాగాన్ని యథాతథంగా తీసుకుని కొత్త పాటలో అమర్చే ఈ పద్ధతిని శాంపిల్ అంటారు. స్వరకర్త అనుమతి తీసుకుని, పాట హక్కులో అతని పేరు చేర్చారు.

శ్రోతల స్పందన రెండుగా చీలింది. బృందం తమకు వెన్ను చూపిందని బాధపడినవారు ఉన్నారు. ఆంగ్ల రచయిత నిక్ హార్న్‌బీ అప్పట్లో ఒక విమర్శలో ఈ సంపుటి శ్రోత నుంచి అతిగా శ్రమ ఆశిస్తోందన్న అసంతృప్తిని వెలిబుచ్చాడు. కాలం గడిచేకొద్దీ అభిప్రాయం మారింది. ఆ దశాబ్దం ముగిసేనాటికి 'రోలింగ్ స్టోన్' పత్రిక దాన్నే దశాబ్దపు అత్యుత్తమ సంపుటిగా ఎంచింది. మొదట నిరాశపడిన అభిమానులు తమ ఇష్టం ఎలా మారిందో చెప్పేటప్పుడు ఎక్కువగా ఈ సంపుటినే ఉదాహరణగా చూపడం గమనించదగినది. పాట మారకపోయినా వినేవాడు మారగలడన్న అనుభవాన్ని 'కిడ్ ఎ' ఒక తరానికి ఇచ్చింది.

ఒక పాట, ఇరవై ఏళ్లు

ఈ అనుబంధం ఎంత సూక్ష్మమైనదో తెలియాలంటే 'ట్రూ లవ్ వెయిట్స్' అనే ఒక్క పాటను దగ్గరగా చూస్తే చాలు. విడిచి వెళ్లవద్దన్న వేడుకోలు దీని సారం. 1995లో యార్క్ దీన్ని మొదటిసారి వేదిక మీద పాడినప్పుడు అతని వయసు 27. స్టూడియోలో ఎన్నిసార్లు ప్రయత్నించినా బృందానికి తృప్తి కలగక, సంపుటి తర్వాత సంపుటిలో అది మిగిలిపోయింది. 2001లో ఒక కచేరీ రికార్డుల సంకలనంలో గిటార్‌తో పాడిన రూపం వెలువడింది. చేతి వేగానికి తీగలు గట్టిగా మోగే ఆ రూపంలో యవ్వనపు ఆవేశం, బతిమాలితే వినకపోరన్న నమ్మకం ఉన్నాయి. చివరకు 2016లో 'ఎ మూన్ షేప్డ్ పూల్' సంపుటిలో ఆఖరి పాటగా అది చోటు చేసుకునేసరికి గాయకుడికి 47 ఏళ్లు. గిటార్ పూర్తిగా తొలగిపోయింది. ఒక పియానో కొన్ని స్వరాలనే నెమ్మదిగా తిప్పి తిప్పి పలుకుతూ ఉంటే, దానితో కాలు కలపని మరికొన్ని పియానో వరసలు మెల్లగా వచ్చి చేరతాయి, గొంతు మాత్రం అవే మాటలను దాదాపు అదే వరసలో పాడుతుంది. మాటలు మారలేదు, వరస పెద్దగా మారలేదు, అర్థం మారిపోయింది. మొదటి రూపాన్ని ఎరిగిన శ్రోతకు రెండవది విన్నప్పుడు, వేడుకోలు ఫలించలేదని తెలిసిపోతుంది.

ఇలాంటి ఆలస్యం ఈ ఒక్క పాటకే పరిమితం కాదు. 1990 దశకంలోనే కచేరీల్లో పాడిన 'న్యూడ్' 2007 దాకా సంపుటిలోకి రాలేదు. 1996లో కచేరీల్లో జనాన్ని ఉర్రూతలూగించిన 'లిఫ్ట్' అనే పాటను బృందం ఉద్దేశపూర్వకంగానే పక్కన పెట్టింది. అది 'ఓకే కంప్యూటర్'లో ఉండి ఉంటే సంపుటి ఇంకా ఎక్కువగా అమ్ముడుపోయి, తాము మరో దారిలో వెళ్లిపోయేవాళ్లమన్న అభిప్రాయాన్ని ఓబ్రయన్ తర్వాత వ్యక్తం చేశాడు. ఆ పాట 2017లో గాని అధికారికంగా వెలుగు చూడలేదు.

మధ్య కాలంలో ఈ పాటలు బతికి ఉన్నది అభిమానుల దగ్గరే. కచేరీల్లో రికార్డు చేసుకున్న టేపులను వాళ్లు ఒకరికొకరు అందించుకున్నారు. 2000 వేసవిలో బార్సిలోనా కచేరీలో పాడిన కొత్త పాటలు మర్నాటికే పాటల మార్పిడికి వాడే నాప్‌స్టర్‌లో చేరాయనీ, కొన్ని వారాల తర్వాత మరో దేశంలో పాడేటప్పటికి ఇంకా విడుదల కాని ఆ పాటలు శ్రోతలకు కంఠస్థమై ఉన్నాయనీ కొలిన్ గ్రీన్‌వుడ్ ఆశ్చర్యంతో, సంతోషంతో చెప్పాడు. 2009లో ప్రాగ్ నగరపు కచేరీని అభిమానులే పలు కోణాల నుంచి చిత్రీకరించగా, బృందం ఆ రాత్రి నాణ్యమైన ధ్వని రికార్డును వారికి అందించి ఆ చిత్రానికి సహకరించింది. 2019లో 'ఓకే కంప్యూటర్' నాటి ముడి రికార్డింగులు బయటికి పొక్కినప్పుడు, దాదాపు 18 గంటల ఆ సరంజామాను 18 పౌండ్లకు తామే విడుదల చేసి, వచ్చిన సొమ్మును పర్యావరణ ఉద్యమానికి ఇచ్చారు. తప్పటడుగులతో, సగంలో ఆగిన ప్రయత్నాలతో నిండిన ఆ గంటలను ఓపికగా విని, ఏ పాట ఏ దశలో ఎలా ఉందో విడదీసి నమోదు చేసుకున్నదీ అభిమానులే.

ధర, లయ, అభిప్రాయభేదం

ఇ.ఎం.ఐ.తో ఒప్పందం ముగిశాక, 2007 అక్టోబరు 10న 'ఇన్ రెయిన్‌బోస్' సంపుటిని బృందం నేరుగా శ్రోతలకే అందించింది. ధర ఎంతన్నది కొనేవారి ఇష్టానికి వదిలేసింది, ఏమీ చెల్లించకుండా తీసుకునే వీలు కూడా కల్పించింది. తర్వాత దుకాణాల్లోకి డిస్కుగా వచ్చినప్పుడు కూడా అది బ్రిటన్, అమెరికా రెండింటిలో మొదటి స్థానం పొందింది. ఈ సంపుటి తొలి పాట '15 స్టెప్' ఐదు దెబ్బల ఆవృత్తంలో నడుస్తుంది. నాలుగు దెబ్బల నడకకు అలవాటుపడిన రాక్ శ్రోతకు అది తడబాటుగా తోస్తుంది గాని, ఖండచాపు తాళం తెలిసిన తెలుగు శ్రోత మొదటిసారే చేత్తో తాళం వేయగలడు.

మార్పులన్నీ సమానంగా ఆదరణ పొందలేదు. 2011 నాటి 'ది కింగ్ ఆఫ్ లింబ్స్'లో ఎనిమిదే పాటలు ఉండడం, చిన్న ధ్వని ముక్కలను చక్రంలా తిప్పుతూ వాటిని అల్లడం చాలామందికి అసంపూర్ణంగా తోచాయి; అయితే రెండవ డ్రమ్మర్‌గా క్లైవ్ డీమర్ తోడై బృందం వాటినే ప్రత్యక్షంగా వాయించినప్పుడు, అదే సంగీతంలో కండ, రక్తం కనిపించాయని ఒప్పుకున్నవారూ ఉన్నారు. సంగీతానికి వెలుపల కూడా విభేదాలు వచ్చాయి. 2017లో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో కచేరీ చేయవద్దని పలువురు కళాకారులు, ఉద్యమకారులు కోరినా బృందం అక్కడ పాడడం అభిమానులను తీవ్రంగా చీల్చింది. వారసత్వం గురించిన ఏ నిజాయతీ గల చర్చా దాన్ని దాటవేయలేదు.

భారతదేశంతో ఈ బృందానికి ఉన్న బంధం జానీ గ్రీన్‌వుడ్ ద్వారా ఏర్పడింది. 2015లో అతను స్వరకర్త షై బెన్ జూర్‌తో, రాజస్థాన్ ఎక్స్‌ప్రెస్ అనే పేరుతో కూడిన ఖవ్వాలీ, జానపద, బ్యాండుమేళం కళాకారులతో కలిసి జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ కోటలో 'జునూన్' సంపుటిని రికార్డు చేశాడు. దర్శకుడు పాల్ థామస్ ఆండర్సన్ ఆ రోజులను చిత్రంగా తీశాడు. అక్కడ గ్రీన్‌వుడ్ ముందు నిలబడలేదు, ఆతిథేయుల రాగానికి పక్కవాద్యంగా ఒదిగిపోయాడు. తెలిసిన చోటును వదిలి కొత్త చోట నేర్చుకునేవాడిగా కూర్చోవడం ఈ బృందం మొదటి నుంచి చేసిన పనే.

మిగిలినది

2018 తర్వాత ఏడేళ్ల విరామానికి 2025 చివరలో రేడియోహెడ్ ఐరోపాలోని ఐదు నగరాల్లో మళ్లీ కచేరీలు చేసింది. చేతిలో కొత్త సంపుటి లేదు; వేదిక ప్రేక్షకుల నడుమ ఉంది; మూడు దశాబ్దాల పాటలు పక్కపక్కనే వినిపించాయి. అదే సంవత్సరం 1997 నాటి 'లెట్ డౌన్' అనే పాట, అప్పటికి పుట్టని యువతీయువకుల ఆదరణతో అమెరికాలోని మొదటి వంద పాటల జాబితాలోకి తొలిసారి ప్రవేశించింది. పాత శ్రోతలకు ఆశాభంగపు వరసలో గుర్తున్న మలుపులేవీ ఈ కొత్తవారికి తెలియవు. గిటార్ల రేడియోహెడ్, యంత్రాల రేడియోహెడ్ అన్న విభజన లేకుండా వాళ్లు అన్నిటినీ ఒకేసారి అందుకుంటున్నారు.

ఒక బృందాన్ని ప్రేమించడం అంటే అది ఎప్పటికీ మొదటి పాటలాగే ఉండాలని కోరుకోవడం కాదని ఈ చరిత్ర నేర్పుతుంది. 'క్రీప్' దగ్గర ఆగిపోయి ఉంటే రేడియోహెడ్ ఒక కాలపు తీపి గుర్తుగా మిగిలేది. శ్రోతలను పూర్తిగా మరచి ప్రయోగాలలోనే మునిగి ఉంటే కొందరు పండితుల చర్చకు పరిమితమయ్యేది. వారు మారారు, మారుతూ పాత పాటలను తమతోనే తీసుకువెళ్లారు, వినేవారికి మళ్లీ వినడానికి కావలసినంత కారణం ఇచ్చారు. తమకు నచ్చని సంపుటిని కూడా పదేళ్ల తర్వాత మరోసారి తీసి వినే ఓపిక ఉన్న శ్రోతలను తయారు చేయడం కన్నా ఏ సంగీత బృందమూ ఎక్కువ సాధించలేదు. రేడియోహెడ్ అది సాధించింది.