సిమెంటు కట్టుతో బిడ్డను ఊరికి తెచ్చేటప్పుడు

గడ్డివామి మీంచో, బండి మీంచో పడి ఐదేళ్లలోపు పిల్లలకు తొడ ఎముక విరిగితే డాక్టర్లు రొమ్ము కిందినుంచి కాలిదాకా సిమెంటు కట్టు వేయడం మామూలే. అసలు తిప్పలు ఇంటికి తెచ్చేటప్పుడే. కట్టు బాగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. నాట్లు ఆగిపోతున్నాయని పచ్చి కట్టుతో బయల్దేరకండి. వేళ్లు నొక్కుకున్నా సొట్టపడి, లోపల చర్మం ఒరిసి పుండవుతుంది. కాళ్ల మధ్య అడ్డకర్ర ఉంటే దాన్ని పట్టుకుని ఎత్తరాదు, అది పిడి కాదు! ఇద్దరు కలిసి అరచేతులతో ఎత్తాలి. ట్రాక్టరు తొట్టి వద్దు. నాలుగు డబ్బులెక్కువైనా పడుకోబెట్టే వీలున్న కారో, జీపో చూసుకోండి. మూత్రానికి కట్టు నానకుండా గుడ్డ చిన్నగా మడిచి అంచు లోపలికి దోపండి. దారిపొడుగునా కాలివేళ్లు చూస్తుండండి. నీలంగా మారినా, చల్లబడినా, వాచినా, బిడ్డ ఊరుకోకుండా ఏడ్చినా బండి వెనక్కి తిప్పించి ఆస్పత్రికే పోవాలి. ఊరు చేరాక చూద్దాంలే అనుకోవద్దు.