తోమారో... విలువ పోయినట్టే!

శ్రావణమాసం వస్తోందంటే మా ఇంట్లో మొట్టమొదట బయటికొచ్చేది అత్తయ్యగారి నాణేల సంచి. అందులో తామరపువ్వు బొమ్మ ఉన్న ఇరవై పైసల బిళ్లలు నూట ఎనిమిది ఉంటాయి. 1968 నుంచి 1971 వరకు వచ్చిన ఇత్తడి రంగు నాణేలవి. లక్ష్మీపూజలో ఒక్కో నామానికీ ఒక్కో బిళ్ల అమ్మవారి దగ్గర ఉంచుతాం. పూజకి ముందురోజు వాటిని చింతపండు, ఉప్పు వేసి తళతళలాడేలా తోమడం నా వంతు. ఇరవై రెండేళ్లుగా తోముతూనే ఉన్నాను. అవి మెరుస్తుంటే నాకెంత సంబరమో!

కిందటేడు పండక్కి మా మరిది వచ్చాడు. చిన్నప్పట్నుంచీ నాణేలు పోగుచేసే పిచ్చి ఉంది అతనికి. నా చేతిలో చింతపండు చూసి, "అయ్యో వదినా, ఎంత పని చేస్తున్నావు!" అని నెత్తి కొట్టుకున్నాడు. తన పెట్టెలోంచి అలాంటి తామరపువ్వు బిళ్లే ఒకటి తీసి నా బిళ్ల పక్కన పెట్టాడు. నాది తెల్లబోయినట్టు మెరుస్తోంది. అతనిది అటూ ఇటూ తిప్పితే వెలుగు చక్రంలా తిరుగుతోంది. "ఇది ఎవరి చేతిలోనూ పడని నాణెం వదినా. సేకరించేవాళ్లు డబ్బు పెట్టేది ఈ మెరుపుకే" అన్నాడు.

పాత నాణెమైతేనే ధర పలుకుతుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అది సగమే నిజమట! అచ్చు దెబ్బ పడినప్పుడు లోహం సాగి, నాణెం మీద కంటికి ఆనని సన్నని గీతలు ఏర్పడతాయి. ఆ మెరుపు వాటి వల్లే. పులుపు తగిలినా, పీచుతో రుద్దినా ఆ గీతలు అరిగిపోతాయి. కొత్త పట్టుచీర నీళ్లలో జాడించాక మునుపటి నిగనిగ మళ్లీ రమ్మంటే వస్తుందా? ఇదీ అంతే.

నాణేలకీ మార్కులు!

పిల్లల పరీక్షల్లాగే నాణేలకీ మార్కులున్నాయి. 1949లో షెల్డన్ అనే అమెరికా ఆయన 1 నుంచి 70 వరకు లెక్క పెట్టాడు. వాడకంలోకి వెళ్లని నాణేలకి 60 నుంచి మొదలు. చిన్న గీత కూడా లేకపోతేనే 70. అమెరికాలో పి.సి.జి.ఎస్. 1986లో, ఎన్.జి.సి. 1987లో ఈ పని మొదలుపెట్టాయి. నాణేన్ని పరీక్షించి, మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇస్తాయి.

నిన్నమొన్న కోట్లలో అచ్చయిన నాణెం కూడా మచ్చ లేకుండా దొరకడం అరుదు. సంచుల్లో ఒకదానికొకటి తగిలి గీతలు పడిపోతాయి మరి! అందుకే పై మార్కులొచ్చిన ఆ కొన్నిటికీ పోటీ పెరిగి ధరలు ఎగబాకుతుంటాయి. ఒక్క మార్కు తేడాకే ధర ఎన్నో రెట్లు మారిపోవచ్చు.

ఒక ముచ్చట చెప్తాను. 1975లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో మింటు సేకరణదారుల కోసం అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేల సెట్లు 28 లక్షలకు పైగా చేసింది. వాటిలోని పది సెంట్ల నాణెం మీద మింటు గుర్తు 'ఎస్' ఉండాలి. ఆ గుర్తు లేనివి ఇప్పటివరకు రెండే బయటపడ్డాయి. ఒకటి 2019 వేలంలో 4,56,000 డాలర్లకు పోయింది. రెండోదాన్ని 1978లో ఒక తల్లీ కొడుకూ 18,200 డాలర్లకు కొని బ్యాంకులో భద్రంగా దాచారు. కొడుకు తర్వాత అది ముగ్గురు అక్కచెల్లెళ్లకు వచ్చింది. 2024లో వేలం వేస్తే 5,06,250 డాలర్లు! దాని మార్కు 67. అచ్చులో తప్పు దాన్ని అరుదైనదిగా చేసింది, తాకకుండా దాచడం దాని అందాన్ని కాపాడింది.

అలాగని ఉన్న డబ్బంతా నాణేల్లో పోయకండి. అదే అమెరికాలో 1999 నుంచి 2008 వరకు రాష్ట్రానికొకటి చొప్పున వచ్చిన పావు డాలరు బిళ్లలు జనం డబ్బాలకు డబ్బాలు దాచుకున్నారు. అందరి దగ్గరా ఉన్నవాటిని ఎవరు కొంటారు? చాలావాటికి ఇప్పటికీ పావు డాలరే విలువ. పై మార్కు నాణేలు కూడా కొత్తగా నాలుగు బయటపడితే ధర దిగొచ్చేస్తుంది.

పిన్నిగారి పోపులడబ్బా

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా పక్కింటి పిన్నిగారి వల్ల. 2012లో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ ఐదు రూపాయల బిళ్ల ఉంటే పది లక్షలిస్తామని ఫోనులో ప్రకటన చూశారావిడ. బిళ్ల ఫోటో పంపారు. ముందు రిజిస్ట్రేషన్‌కని 1,500 కట్టమన్నారు. తర్వాత పన్నుకని 8,000. మనవరాలి చెవిదుద్దుల కోసం పోపులడబ్బాలో దాచుకున్న డబ్బంతా అయిపోయింది, ఫోను మూగబోయింది. బాబాయిగారికి చెప్పలేక నా దగ్గర కూర్చుని ఏడ్చారు.

ఆ బిళ్లలు వాడకం కోసం విరివిగా వచ్చినవే. చేతులు మారి అరిగినదానికి ఎవరూ లక్షలివ్వరు. పాత నాణేలు, నోట్ల అమ్మకాలకి తన పేరు చెప్పి ఎవరైనా కమీషనో పన్నో అడిగితే నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నిజంగా కొనేవాడు మనకి డబ్బిస్తాడు గానీ మననే కట్టమంటాడా? మోసపోయామని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి ఊరుకోకండి.

మీ ఇంట్లో నాణేలుంటే...

* కడగకండి, తోమకండి, గుడ్డతో కూడా రుద్దకండి.
* బొమ్మ మీద వేలు పెట్టకుండా అంచులు పట్టుకోండి.
* మెత్తటి పి.వి.సి. కవర్లలో పెట్టకండి. కొన్నాళ్లకి ఆకుపచ్చ జిగురు పడుతుంది. నాణేల కోసమే అమ్మే కవర్లు వాడండి.
* చెమ్మ లేని చోట, ఒకదానికొకటి తగలకుండా దాచండి.
* సంవత్సరం కింద గుర్తు చూడండి. నక్షత్రం ఉంటే మన హైదరాబాదు మింటుది, వజ్రం ముంబయిది, గుండ్రటి చుక్క నోయిడాది. గుర్తు లేకపోతే కలకత్తాది.
* అమ్మాలనుకుంటే ఇద్దరు ముగ్గురు నాణేల వ్యాపారులకి చూపించి ధర అడగండి. ముందుగా ఎవరికీ పైసా కట్టకండి.

ఇప్పుడు చిల్లరలో కొత్త బిళ్ల నిగనిగలాడుతూ వస్తే నేనూ ఒకటి పక్కన పెడుతున్నాను, లక్షలొస్తాయని కాదు, మా అమ్మాయికి చూపించడానికి. అత్తయ్యగారి తామరపువ్వు బిళ్లల్ని మాత్రం ఈ శ్రావణంలోనూ చింతపండుతో తోముతాను. అవి అమ్మవారివి. వాటికి మార్కులు వేయాల్సింది ఆ తల్లే!