తేటనీటిలోని మలినము

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాళ్ళకు పేరు పొందిన ఊరు. అచ్చటి కర్మాగారములలో రాళ్ళను కోయునపుడు రంపము వేడెక్కకుండ నీరు పోయుదురు. ఆ నీరు రాతిపొడితో కలిసి చిక్కబడును. దానిని తొట్టిలో కదలక నిలిపినచో పొడి అడుగున పేరుకొని, పైని తేటనీరు మిగులును.

అయితే తేటగానున్న నీరెల్ల శుద్ధమైనదని తలపరాదు. మందులు, రంగులు తయారుచేయు కర్మాగారముల మురుగునీటిలో కర్బన పదార్థములు ఉప్పువలె కరిగియుండును. అవి అడుగున పేరుకొనవు. గుడ్డతో వడగట్టినను చిక్కవు. మురుగునీటిని శుభ్రపరచుటకు పెంచెడి సూక్ష్మజీవులు సామాన్యమైన మలినమును తినివేయును గాని, వీనిలో కొన్నింటిని తినజాలవు. సూక్ష్మజీవులను చంపుటకై చేసిన మందును ఆ జీవులే ఎట్లు తినగలవు?

హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరులో ఈ చిక్కు బయల్పడెను. అనేక మందుల కర్మాగారముల నీటిని అచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రమునకు చేర్చుచుండిరి. శుద్ధి చేసిన పిదప వెలువడిన నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి, 2007లో ఫలితములను ప్రకటించిరి. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు ఉండెను. ఇట్టి నీటిలో మందునకు లొంగని సూక్ష్మజీవులే మిగిలి వృద్ధి పొందును. అవి కలిగించు రోగములకు ఆ మందు పనిచేయదు.

మొండి పదార్థములను ఛేదించు ఒక విధానమునకు ఉన్నత ఆక్సీకరణమని పేరు. దీని మూలము పాతదే. చింతపండు పులుపునకు కారణమైన టార్టారికామ్లము, ఇనుప లవణమును హైడ్రోజన్ పెరాక్సైడును కలిపినచో శీఘ్రముగా ఆక్సీకరణము చెందునని ఫెంటన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు 1894లో తెలిపెను. ఆ రెండును కలిసినపుడు హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టును. దానిలో ఒక ఆక్సిజన్ పరమాణువు, ఒక హైడ్రోజన్ పరమాణువు ఉండును. ఒక ఎలక్ట్రానుకు మాత్రము జత యుండదు. ఆ జతకొరకు అది ఎదుటి అణువునుండి హైడ్రోజనును గాని, ఎలక్ట్రానును గాని లాగికొనును. ఇట్లు పెద్ద అణువులు ముక్కలై, చర్య పూర్తిగా సాగినచో నీరుగను బొగ్గుపులుసు వాయువుగను మారును. రాడికల్ రెప్పపాటు కూడ నిలువదు. కావున దానిని మురుగునీటిలోనే పుట్టింపవలెను. ఓజోను వాయువుతోను, అతినీలలోహిత కిరణములతోను కూడ పుట్టింపవచ్చును.

ఈ విధానమునకు వ్యయ మధికము. ఫెంటన్ పద్ధతిలో నీటికి ఆమ్లము చేర్చవలెను. తుదకు ఇనుప బురద మిగులును. చర్య సగములో ఆగినచో ఏర్పడిన ముక్కలును హాని చేయవచ్చును. అందుచే మొండి అణువులను ముందు విరిచి, మిగిలినదానిని సూక్ష్మజీవుల కప్పగించుట మేలైన మార్గము. ఏ మార్గమున శుద్ధి చేసినను, కంటికి తేటగా కనబడినదని తృప్తిపడక, పరీక్షించిన పిమ్మటనే నీటిని వాగులోనికి విడువవలెను. ఆ వాగు నీటినే దిగువ గ్రామములవారు పైరులకు పెట్టుదురు; పశువులు త్రాగును.