మెత్తని వీపు తాబేలు ఇసుకలో ఎందుకు దాక్కుంటుంది?

పిల్లలూ, ఆత్మకూరు దగ్గర సోమశిలలో పెన్నా నదిని చూశారా? అలాంటి మన ద్వీపకల్ప నదుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టని తాబేలు ఒకటుంది. దాన్ని లీత్ తాబేలు అంటారు.

మామూలు తాబేలు డిప్ప మీద గోళ్లలాంటి గట్టి పెంకులుంటాయి. దీనికి అవి లేవు, ఎముక మీద తోలు కప్పి ఉంటుంది, అంతే! అందుకే దోసెలా పలచగా ఇసుకలోకి జారిపోతుంది. కొబ్బరినీళ్లు తాగే గొట్టంలాంటి ముక్కును మాత్రం పైకి చాచి గాలి పీలుస్తుంది. ఎంత తెలివో చూడండి!

కానీ ఇసుక తవ్వేస్తే దాగేదెక్కడ? ఒడ్డున గుంట తీసి గుడ్లు పెట్టేదెక్కడ? పైగా మాంసం కోసం వేట. 2021లో దీన్ని అంతరించే అంచున ఉన్న జీవిగా ప్రకటించారు. 2022లో వన్యప్రాణుల వ్యాపారంపై పనామాలో జరిగిన దేశాల సమావేశంలో భారత్ పట్టుబట్టి, దేశాల మధ్య దీని వ్యాపారాన్ని ఆపించింది. నాకెంతో సంతోషం కలిగించిన కబురది. ఇక వలలో పడ్డ తాబేలును బతికుండగానే నీళ్లలోకి వదిలేసే జాలరి చేతుల్లోనే ఉంది మిగతాది.