పాము మింగితే పిల్లాడి తప్పేంటి?

చలికాలంలో పిల్లలు ఇంట్లో కూర్చుని ఆడే ఆటల మీద ముఖచిత్ర కథనం కావాలి, గురువారం కల్లా ఇచ్చేయమన్నారు ఎడిటర్‌ గారు. ఆదిలాబాద్‌, లంబసింగి వైపు సంగతి వేరుగానీ, మిగతా చోట్ల పిల్లల్ని గడప దాటనివ్వనంత చలి మనకెక్కడిది? ఎండెక్కితే చాలు, వీధిలో క్రికెట్‌ మొదలు. కాకపోతే తొందరగా పొద్దుగూకుతుంది. మంచులో తిరగొద్దని పెద్దవాళ్ల కేకలు, ఆపైన సంక్రాంతి సెలవులు. ధనుర్మాసంలోనే ముక్కోటి ఏకాదశి. ఆ రాత్రి జాగారం చేసే ఇళ్లలో నిద్ర రాకుండా వైకుంఠపాళి పరుస్తారు. కథనానికి దారి అక్కడ దొరికింది, పూజాసామాన్ల కొట్లో చుట్టచుట్టి అమ్మే పరమపదసోపాన పటం రూపంలో.

నేల మీద పరిచి నాలుగు మూలలా ఏదో ఒక బరువు పెట్టాలి, లేదంటే మళ్లీ చుట్టుకుపోతుంది. మొత్తం 132 గళ్లు. అచ్చు ముతక, రంగులు గీత దాటి పక్కకు పాకి ఉంటాయి. నిచ్చెనల కాళ్ల దగ్గర భక్తి, జ్ఞానం, వైరాగ్యం లాంటి పేర్లు. పాము తలల దగ్గర రాక్షసులు. అందరిలోకీ ఘటికుడు అరుకాసురుడు. అన్ని పాములూ తప్పించుకుని, వైకుంఠం ఇక కూతవేటు దూరం అనుకునే చోట నోరు తెరుచుకుని ఉంటాడు. వాడి నోట్లో పడితే పటం పొడవునా జారి అడుక్కి రావాల్సిందే. నన్నడిగితే ఆటంతా ఈ ఒక్క పాము కోసమే. పిల్లలు తమ కాయ సంగతి వదిలేసి, పక్కవాడి కాయ అరుకాసురుడికి ఎన్ని గళ్ల దూరంలో ఉందో వేళ్లు పెట్టి లెక్కపెడతారు. వాడు పందెం వేసేటప్పుడు ఆ అంకె పడాలని అరుస్తారు. పడిందా, ఇల్లు ఎగిరిపోతుంది.

ఈ పటం పిల్లలకు నీతి నేర్పుతుందంటారు. నాకు నమ్మకం లేదు. గవ్వలు అలా పడ్డాయి గనక పాము మింగింది, అందులో పిల్లాడు చేసిన పాపమేముంది? జ్ఞానం నిచ్చెన ఎక్కినవాడు మాత్రం ఏం చదివి ఎక్కాడు? పైగా కాయ జరిపేటప్పుడు ఒక గడి మింగేసే తొండి ఈ పటం మీద జరిగినంతగా ఇంకెక్కడా జరగదు.

నాకు నచ్చేది వేరే. దీనికి నేర్పుతో పనిలేదు. చదరంగంలో మనవరాలిని గెలిపించాలంటే తాతయ్య చూసీచూడనట్టు ఏనుగును వదులుకోవాలి. ఇక్కడ ఓడిపోదామన్నా ఆయన చేతిలో లేదు. ఐదేళ్ల పిల్ల గెలిస్తే నిజంగా గెలిచినట్టే, ఎవరి దయా అక్కర్లేదు.

చరిత్ర రెండు ముక్కల్లో: జైనులకూ వైష్ణవులకూ ఇలాంటి పటాలు 18వ శతాబ్దం నాటికే ఉన్నాయి. 13వ శతాబ్దపు జ్ఞానేశ్వరుడు కనిపెట్టాడన్న మాటకు గట్టి ఆధారం కనిపించదు. 1890ల్లో ఇంగ్లండ్‌లో అచ్చయింది. 1943లో అమెరికాలో మిల్టన్‌ బ్రాడ్లీ కంపెనీ పాముల్ని తీసేసి జారుడుబల్లలు పెట్టింది. జారుడుబల్ల మీద జారడం శిక్షెలా అవుతుందో వాళ్లకే తెలియాలి.

బాక్సు: పటం అక్కర్లేని ఆటలు

అష్టాచెమ్మా: సుద్దముక్కతో 25 గళ్లు గీస్తే చాలు. గవ్వలు లేకపోతే ఒకవైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు నాలుగు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. రెండింటికీ మరో పందెం ఉంటుంది. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి రానివ్వని ఇళ్లున్నాయి. ఆ షరతు ముందే తేల్చుకోండి, సగం గొడవలు దానిమీదే.

వామనగుంటలు: 14 గుంటల పీట, చింతపిక్కలు. మాట్లాడకుండా ఆడేవాళ్లే గెలుస్తారు.

అచ్చనగాయలు: ఐదు నున్నటి రాళ్లు. అపార్ట్‌మెంట్‌లో అయితే దుప్పటి పరిచి ఆడించండి, టైల్స్‌ మీద రాయి పడ్డ ప్రతిసారీ కింది ఫ్లాటువాళ్లు పైకొస్తారు.